పేరు మార్చినా ఫైల్ దొరికిపోతుంది, ఎలా?

2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో పెద్ద బొక్క బయటపడింది, గుర్తుందా? ఒక స్పెషల్ లైన్ టైప్ చేసి పంపితే చాలు, అవతలి సర్వర్ హ్యాకర్ చెప్పిన కోడ్ రన్ చేసేస్తుంది. మైన్‌క్రాఫ్ట్‌లో అయితే చాట్ మెసేజ్‌తోనే పనైపోయేది. తీవ్రత స్కోర్ 10కి 10.

అప్పుడు నేనింకా జాబ్‌లోనే ఉన్నా. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఆ ఫైల్ మన సర్వర్లలో ఎక్కడెక్కడ ఉంది?" పేరుతో వెతికితే సరిపోదా అంటారేమో. సరిపోదండీ. లాగ్‌ఫోర్‌జే-కోర్-2.14.1 అనే ఫైల్‌ని ఎవరో ఎప్పుడో ఉత్త "లాగర్" అని సేవ్ చేసి ఉంటారు. హార్లిక్స్ సీసాలో కందిపప్పు మనందరి ఇళ్లల్లో ఉన్నదే కదా!

ఇక్కడే హ్యాష్ కావాలి. ఫైల్‌లోని బైట్లన్నిటినీ ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కలో వేస్తే 64 క్యారెక్టర్ల కోడ్ వస్తుంది. ఫైల్ 2 కేబీ అయినా, 2 జీబీ అయినా అదే 64. పేరు మారిస్తే కోడ్ మారదు. లోపల ఒక్క బిట్ మారినా మాత్రం కోడ్ గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. కాబట్టి బొక్క ఉన్న వెర్షన్ల హ్యాష్‌లు లిస్ట్ పెట్టుకుని, సర్వర్‌లో ఉన్న ప్రతి జార్ ఫైల్‌ హ్యాష్‌తో పోల్చడమే. జావా లైబ్రరీలు దొరికే మేవెన్ సెంట్రల్‌లో ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్‌తో వెతికినా, అది ఏ లైబ్రరీ, ఏ వెర్షనో తెలిసిపోతుంది. (2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ రీసెర్చర్లు ఒకే ఎస్‌హెచ్‌ఏ-1 వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లు తయారుచేసి చూపించారు. అందుకే సెక్యూరిటీకి 256 వాడమంటాను.)

అసలు తలనొప్పి ఇప్పుడు చెప్తా. చాలా టీమ్‌లు లైబ్రరీలన్నిటినీ విప్పి, తమ కోడ్‌తో కలిపి ఒకే పెద్ద జార్‌గా ప్యాక్ చేస్తాయి. ఆ పెద్ద ఫైల్ హ్యాష్ ఏ లిస్ట్‌లోనూ ఉండదు. దాన్ని తెరిచి, లోపలున్న జేఎన్‌డీఐలుకప్ అనే క్లాస్ ఫైల్‌కి విడిగా హ్యాష్ చూడాలి. ఎవరైనా మళ్లీ కంపైల్ చేసి ఉంటే అదీ మారిపోవచ్చు. అంటే మ్యాచ్ అయితే కచ్చితంగా అదే ఫైల్. మ్యాచ్ కాలేదని మాత్రం "మన దగ్గర లేదు" అనుకోకూడదు. "స్కాన్ క్లీన్" అన్న రిపోర్ట్ చూసి రిలాక్స్ అయిపోతే డేంజర్ అక్కడే.

మీ ఫోన్‌లోనూ ట్రై చేయొచ్చు. టెర్మక్స్ యాప్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్ కమాండ్ ఇచ్చి, పక్కన ఫైల్ పేరు రాయండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఏపీకే ఉందనుకోండి, డెవలపర్ తన సైట్‌లో హ్యాష్ పెట్టి ఉంటే, అదే వెర్షన్‌దో కాదో చూసుకుని రెండూ పోల్చండి. ఒక్క క్యారెక్టర్ తేడా వచ్చినా ఇన్‌స్టాల్ చేయకండి.