వెంటపడితే మునుగుతాయి... ఊరకుంటే వస్తాయి!

మా ఆదోనిలో ఏ ఇంటికైనా వెళ్ళి, "సముద్రం చూశారా అక్కా?" అని అడిగి చూడండి. "మంత్రాలయం ఎన్నిసార్లు పోయామో లెక్కలేదు, తిరుపతి చూశాం, సముద్రం మాత్రం సినిమాల్లోనే" అనేవాళ్ళు చాలామంది ఉంటారు. మా అత్తమ్మా అంతే. డెబ్బై దాటాయి. ఆమెకు తెలిసిన పెద్ద నీళ్ళంటే తుంగభద్ర కాలవే.

మామయ్య ఉన్న రోజుల్లో ఏటా అనేవారట, "ఈసారి పత్తి డబ్బులు రానీ, సముద్రానికి పోదాం" అని. పత్తి డబ్బులు వచ్చేవి, అప్పులకి పోయేవి. అట్లానే ఆయనా వెళ్ళిపోయారు.

మొన్న మాఘమాసంలో నా చీటీ డబ్బులు చేతికొచ్చేసరికి ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. మావారిది కూలర్ పార్టీ, పిల్లలది సముద్రం పార్టీ. అత్తమ్మని అడిగితే "నాకేంటికమ్మా ఈ వయసులో!" అంది. అన్నదేగానీ, మర్నాడు పొద్దున లేచి చూస్తే ట్రంకుపెట్టెలో దాచుకున్న ఎమ్మిగనూరు నేత దుప్పటి ఉతికి దండెం మీద ఆరేసి ఉంది. ఇంక మావారు నోరెత్తలేదు. కూలర్ వచ్చే ఏటికి వాయిదా పడింది.

సముద్రమంటే మనకి మచిలీపట్నం, విశాఖపట్నమే గుర్తొస్తాయి. కానీ మా పశ్చిమ కర్నూలు వాళ్ళకి పడమటి సముద్రమూ అందుబాటులోనే ఉంది. గుంతకల్లులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హుబ్బళ్ళిలో దిగాం. (ఈ బండి ఏయే రోజుల్లో ఉందో ముందే చూసుకోవాలి.) అక్కణ్ణుంచి బస్సులో ఎల్లాపూర్ అడవి మీదుగా, ఘాట్ దిగి కార్వార్ చేరాం. కాళీ నది సముద్రంలో కలిసే ఊరది. రవీంద్రనాథ్ ఠాగూర్ అన్నగారు అక్కడ జడ్జిగా ఉన్నప్పుడు, కుర్రవాడైన ఠాగూర్ వచ్చి కొన్నాళ్ళున్నారు. అందుకే అక్కడి బీచికి ఆయన పేరే పెట్టారు.

దారంతా వసంతమే! ఆకు రాలిన చెట్ల మధ్య మోదుగులు నిప్పు అంటుకున్నట్టు పూశాయి. ఘాట్ దిగాక జీడిమామిడి తోపులు మొదలయ్యాయి. ఒకే కొమ్మకి పూతా, పిందెలూ రెండూ ఉన్నాయి. మా అమ్మాయి కిటికీ వదల్లేదు.

ఆ సాయంత్రం సముద్రం దగ్గర అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని నాలుక్కి తగిలించుకుంది. "ఉప్పే! ఇంత నీళ్ళు పెట్టుకోని తాగేదానికి బిందెడు లేకపాయె కదే!" అంది. కొళాయి దగ్గర బిందెలు వరస పెట్టి పెరిగిన మనిషికి వేరే ఏమాట వస్తుంది చెప్పండి!

ఇసక మీద మేక గిట్టలాంటి ఆకులతో తీగలు పాకి, ఊదారంగు పూలు పూసి ఉన్నాయి. ఇంటికి తీసుకుపోదామని నేను ఒక తీగ లాగబోతే అక్కడి ఒక బెస్తావిడ వద్దంది. గాలికి, అలకి ఇసక కొట్టుకుపోకుండా ఆ తీగలే పట్టి ఉంచుతాయట. చేయి వెనక్కి తీసుకున్నాను.

పొద్దున బజారులో ఇంకో వింత. దండలుగా గుచ్చిన చిన్న తెల్లని మొగ్గలు, వీధి చివరి వరకూ వాసన! వాటిని అక్కడ సురగి అంటారు. మన తెలుగులో సురపొన్న. ఈ రోజుల్లోనే పూస్తుంది. ఎండిపోయాక కూడా వాసన పోదట. పూలావిడతో అత్తమ్మ కన్నడంలో బేరం మొదలుపెట్టింది. మేం నోరు తెరిచాం. ఆదోని 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి జిల్లాలోనే ఉండేది కదా, చిన్నప్పటి కన్నడం ఎక్కడికి పోతుంది! మాటల్లో పడి ఆ పూలావిడ అత్తమ్మ తలలోనూ ఒక దండ తురమబోయింది. అత్తమ్మ చేయి అడ్డుపెట్టి, "నా మనవరాలికి పెట్టమ్మా" అంది. ఆవిడ అర్థం చేసుకుని, దండని అత్తమ్మ అరచేతిలోనే పెట్టింది. డబ్బులు తీసుకోలేదు. అత్తమ్మ దాన్ని కొంగున ముడివేసుకుంది.

ఇక అసలు సంగతి, డాల్ఫిన్లు. "తిమింగలం కనిపిస్తుందా?" అని మావాడి గోల. డాల్ఫిన్లు కూడా తిమింగలాల వంశంవేనని చెప్పాడు పడవ అన్న. చేపలు కావవి. మనలాగే గాలి పీల్చాలి, పిల్లని కనాలి, పాలివ్వాలి. పెద్ద తిమింగలాలు కూడా అరేబియా సముద్రంలో ఉన్నాయి గానీ, ఒడ్డుకి దూరంగా తిరుగుతాయి. కార్వార్ దగ్గర కనిపించేవి వీపు మీద మూపురంలాంటి గుబ్బ ఉండే డాల్ఫిన్లు. లోతు తక్కువ నీళ్ళలో, ఒడ్డు వెంబడే బతుకుతాయి. అందుకే వలలు, పడవల వల్ల వీటికి ప్రమాదమూ ఎక్కువే. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో పులికిచ్చిన రక్షణే డాల్ఫిన్‌కీ ఇచ్చారు.

పొద్దున్నే పడవెక్కాం. అందరికీ లైఫ్ జాకెట్లు కట్టారు. అత్తమ్మ చీరమీద ఆ జాకెట్ వేసుకుని నవ్వాపుకోలేకపోయింది. దూరంగా రెండు నల్లటి వీపులు తేలాయి. అంతలో ఇంకో పడవ ఇంజను రయ్యిమనిపించుకుంటూ వాటిమీదికే పోయింది. అందులో కేకలు, ఈలలు. ఒక్క క్షణంలో వీపులు మాయం! అరగంట గడిచింది. ఏమీ లేదు. "అన్నా, మనమూ గట్టిగా పోనివ్వు" అన్నారు మావారు. కూలర్ డబ్బులు నీళ్ళపాలయ్యాయని ఆయన మొహంలోనే కనిపిస్తోంది. పిల్లవాడికి ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడంది అత్తమ్మ. "ఊరకుండండి నాయనా. వాన కోసం అరిస్తే వచ్చిందా ఎప్పుడైనా? కూకోండి, వస్తాదిలే."

పడవ అన్న నవ్వి ఇంజను ఆపేశాడు. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎంతసేపో తెలీదు. ఉన్నట్టుండి "బుస్"మని చప్పుడు. "ఎద్దు రొప్పినట్టుందే!" అని అత్తమ్మే ముందు తల తిప్పింది. పడవకి పక్కనే ఒక డాల్ఫిన్ ఊపిరి వదిలింది. వాటికి ముక్కు తల పైన ఉంటుంది, ఆ చప్పుడు అదే. దాని పక్కన ఇంకోటి, లేతరంగుది, చిన్నది. పిల్ల! తల్లి లేస్తే పిల్ల లేస్తుంది, తల్లి మునిగితే పిల్ల మునుగుతుంది. పది పన్నెండు నెలలు మోసి ఒకే పిల్లని కంటుందట. ఫోను తీయాలని కూడా మాకెవ్వరికీ తోచలేదు. అత్తమ్మ రెండు చేతులూ జోడించింది. "ఆయన చూడాల్సింది" అని ఒక్క మాటే అంది.

మీరూ వెళ్ళేట్టయితే నాలుగు మాటలు. వర్షాకాలంలో సముద్రం పోటుమీద ఉంటుంది, పడవలు తిరగవు. నవంబరు నుంచి మార్చి దాకా, అదీ పొద్దున్నే వెళ్ళండి. పడవ ఎక్కకముందే "వెంట తరమొద్దు, దగ్గరికొస్తే ఇంజను ఆపాలి" అని మాట్లాడుకోండి. వాటికి తిండి వేయకండి, కవర్లు నీళ్ళలో పారేయకండి. కడుపునిండా తిని పడవెక్కకండి. కాసిని బొరుగులు, ఒక అల్లం ముక్క చాలు. కడుపులో తిప్పితే దూరంగా ఆకాశం, నీళ్ళు కలిసే గీతను చూస్తూ కూర్చోండి. దారికి మేం కడక్ జొన్నరొట్టెలు, బుడ్డలపొడి, పుంటికూర పచ్చడి కట్టుకున్నాం. నాలుగు రోజులున్నా చెడలేదు.

ఇప్పుడు ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం ఉక్కపోతకి మావారు "కూలరుంటేనా..." అని మొదలుపెడితే, "ఊరకుండు నాయనా, గాలి వస్తాదిలే" అంటుంది అత్తమ్మ. అందరం నవ్వుకుంటాం.

మొన్న ఏదో వెతుకుతూ ఆమె ట్రంకుపెట్టె తెరిచాను. ఎమ్మిగనూరు దుప్పటి మడతల్లో సురపొన్న దండ ఉంది. పూలు ఎండి పసుపుపచ్చగా మారాయి. గదంతా వాసన!