గిటారుకు తెలుగు పలుకు

సినిమా సంస్థ గానీ పాటల కంపెనీ గానీ పెట్టుబడి పెట్టకుండా, తన బాణీని తానే కట్టుకొని, తన గదిలోనే రికార్డు చేసుకొని, తన పేరుతోనే శ్రోతల ముందుకు పంపే గిటారు వాద్యకారుణ్ని స్వతంత్ర వాద్యకారుడు అంటున్నారు. ఇటువంటివారు నలుగురు చేరిన చోట మాట సాధారణంగా మూడు విషయాల చుట్టూ తిరుగుతుంది: ఎవరి సంగీతం విని పెరిగారు, ఏ సరంజామా వాడుతున్నారు, రికార్డింగు ఎలా చేస్తున్నారు. వీటిని విడివిడిగా చర్చించడం అలవాటైపోయింది గానీ, చెవి ఏ ధ్వనిని కోరుకుంటుందో చేయి దానినే వెతుకుతుంది కనుక, కొన్న పరికరమూ పెట్టిన మైకూ ఆ కోరికను అనుసరించే ఉంటాయి. సంగీతమంటే సినిమా పాటే అన్నంతగా సినిమా ఆవరించిన తెలుగు నేల మీద ఈ ప్రశ్న మరింత ముఖ్యమైనది. ఎందుకంటే పాటకు తోడుగా గిటారు ఇక్కడ దశాబ్దాలుగా వినిపిస్తున్నా, గిటారే ముందుండి తెలుగు పలికిన సందర్భాలు తక్కువ.

విశాఖపట్నంలోని కంచరపాలెం ఈ పరిశీలనకు తగిన చోటు. రేవు నగరంలో రైలు పట్టాల వెంట పెరిగిన ఈ పేటలో పారిశ్రామిక వాడ, ప్రభుత్వ పాలిటెక్నిక్, రైల్వే ఉద్యోగుల ఇళ్లు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. 2018లో వెంకటేష్ మహా దర్శకత్వంలో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ ఈ పేరును తెలుగువారందరికీ పరిచయం చేసింది. పేరున్న తారలు లేకుండా, ఎక్కువగా స్థానికులతోనే తీసిన ఆ చిత్రానికి స్వీకార్ అగస్తి సంగీతం కూర్చగా, అనురాగ్ కులకర్ణి పాడిన ‘ఆశా పాశం’ సినిమా చూడనివారి దాకా చేరింది. దానిని గిటారు సంగీతానికి సంబంధించిన ఘట్టంగా చెప్పడం అతిశయోక్తి అవుతుంది. కానీ చిన్న పెట్టుబడితో, సొంత ఊరి ముఖాలతో, సొంత యాసతో చేసిన పనికి శ్రోతలూ ప్రేక్షకులూ ఉన్నారని అది రుజువు చేసింది. స్వతంత్ర వాద్యకారులకు కావలసిన మొదటి ధైర్యం అదే.

విశాఖ వంటి రేవు పట్టణానికి గిటారు ఒకే దారిన రాలేదు. కంచరపాలేనికి పక్కనే ఉన్న జ్ఞానాపురంలో కేథలిక్ అగ్రపీఠానికి చెందిన సెయింట్ పీటర్స్ కేథడ్రల్ ఉంది. కోస్తా పట్టణాలలో ఎందరో యువకులు మొదటిసారి గిటారు పట్టుకున్నది చర్చి పాటల బృందంలోనే. అక్కడ నేర్చుకొనేది ప్రధానంగా కార్డ్స్, అంటే మూడు లేదా అంతకన్నా ఎక్కువ స్వరాలను ఒకేసారి మోగించి పాటకు ఆధారం కల్పించడం. రెండో దారి సినిమా. లండన్ ట్రినిటీ కళాశాల వారి క్లాసికల్ గిటారు పరీక్షలో ఉత్తీర్ణుడైన ఇళయరాజా, 1989 నాటి ‘గీతాంజలి’ వంటి చిత్రాలతో తెలుగు చెవికి గిటారును దగ్గర చేశాడు. విశాఖకు చెందిన రమణ గోగుల పాప్ ఆల్బమ్ దారిలో వచ్చి, ‘ప్రేమంటే ఇదేరా’ (1998), ‘తమ్ముడు’ (1999), ‘బద్రి’ (2000) చిత్రాలలో రాక్ బాణీ గిటారును మాస్ ప్రేక్షకుల దాకా తీసుకువెళ్లాడు. ఆ తరువాతి తరానికి ఇంటర్నెట్టే గురువు. లండన్ వాద్యకారుడి వేళ్ల కదలికను విశాఖ మర్రిపాలెం కుర్రవాడు వీడియోలో నెమ్మదిగా నడిపించి చూసి నేర్చుకోగలుగుతున్నాడు.

అయితే ఈ దారులన్నీ బయటి నుంచి లోపలికి వచ్చినవే. ఉత్తరాంధ్రకు తనదైన తీగ ధ్వని ఉంది. జముకుల కథ అనే జానపద కళారూపంలో వాడే జముకు ఒక తోలు వాద్యం. దాని లోపలి నుంచి వచ్చే ఒకే ఒక తీగను బిగిస్తూ వదులుతూ మీటితే శ్రుతి పైకీ కిందికీ జారి, మనిషి గొంతులాగా సాగుతుంది. గిటారు వాద్యకారులు తీగను పక్కకు లాగి స్వరాన్ని పైకి జరపడాన్ని బెండింగ్ అంటారు. ఆ కళకు జముకు కన్నా దగ్గరి చుట్టం దొరకదు. విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసిన ప్రజాగాయకుడు వంగపండు ప్రసాదరావు (1943–2020) పాటల నడక కూడా ఇటువంటి సంపదే. పనివాడి ఊపిరికి తగ్గట్టు ఆగి, ఎగసి సాగే ఆ లయను గిటారు మీద కుడిచేతి దరువుగా మలచుకోవచ్చు. హైదరాబాదులో చౌరస్తా బృందం జానపద బాణీలను జమైకా దీవికి చెందిన రెగ్గే లయతో కలిపి యువతను ఆకట్టుకుంది. రెగ్గేలో గిటారు తాళపు దెబ్బ మీద కాక, దెబ్బకూ దెబ్బకూ మధ్య మోగుతుంది. పాటను తాళపు దెబ్బ మీద కాక కాస్త తప్పించి ఎత్తుకొనే ఎడుపు మన సంగీతానికి కొత్త కాదు కనుకనే ఆ కలయిక అతుకు వేసినట్టు లేదు.

పరదేశపు వాద్యం తెలుగు పలకడానికి ఏం కావాలో చెప్పే ఉదాహరణలు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. బెంగళూరులో పుట్టి విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యుడయ్యే నాటికే ఆ పాశ్చాత్య వాద్యం కర్ణాటక సంగీతంలో కుదురుకొని ఉంది. ఆయన దానిని పక్కవాద్యం స్థాయి నుంచి సొంతంగా కచేరీ చేసే స్థాయికి తీసుకువెళ్లాడు. గిటారుకు ఇంకా దగ్గరి ఉదాహరణ పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969–2014). బాల్యంలో ఆయనకు పాశ్చాత్య సంగీతాన్ని పరిచయం చేసినవాడు వాసూరావు అనే గిటారు ఉపాధ్యాయుడు. ఆ తరువాత శ్రీనివాస్‌కు కర్ణాటక సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. గురువు పాడేవాడు, శిష్యుడు విన్నదానిని తీగ మీద వెతికి పట్టుకొనేవాడు. వేళ్లను ఎక్కడ ఉంచాలో చెప్పేవారు లేకపోవడం లోపంగా కనిపించవచ్చు గానీ, గాత్రంలోని ప్రతి వంపునూ చెవితో పట్టి చేతికి తెచ్చుకోవలసిన అవసరమే ఆయన శైలిని తయారుచేసింది. అవసరాన్ని బట్టే ఆయన వాద్యాన్ని మార్చుకున్నాడు: జంట తీగల స్థానంలో ఒంటి తీగలు పెట్టాడు, నాలుగు వరుసలను ఐదు తీగలు చేశాడు, నాదం నిలవడానికి విద్యుత్ మాండలిన్‌ను ఎంచుకున్నాడు. సరంజామా గురించి ఇంతకన్నా విలువైన పాఠం ఏ దుకాణంలోనూ దొరకదు; ముందు వినికిడి, దాని వెనుక వాద్యం.

ఇక గిటారు విషయానికి వస్తే, దాని మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలను ఫ్రెట్లు అంటారు. ఒక్కో ఫ్రెట్టు స్వరాన్ని ఒక స్థానం, అంటే స్థాయిలో పన్నెండో వంతు, పైకి జరుపుతుంది. 12వ ఫ్రెట్టు దగ్గర తీగ పొడవు సగమై పై షడ్జం పలుకుతుంది. మెట్లున్న వాద్యంపై గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, సాధ్యం కాదనే అభిప్రాయం సరైనది కాదు. బొబ్బిలి వీణకూ 24 మెట్లు ఉన్నాయి. వీణ మెట్లు మైనంలో ఎత్తుగా నిలబడి, తీగలు కాస్త వదులుగా ఉంటాయి కనుక ఒకే మెట్టు మీద తీగను లాగి అనేక స్వరాలు పలికించవచ్చు. గిటారు ఫ్రెట్లు పొట్టివి, తీగల బిగువు ఎక్కువ. అందువల్ల గమకం కోరే వాద్యకారులు సన్నని తీగలు వాడతారు. విద్యుత్ గిటారులో మొదటి తీగ అంగుళంలో వెయ్యింట 9 వంతుల మందంతో దొరుకుతుంది. శబ్దపెట్టె ఉన్న అకూస్టిక్ గిటారుకు సాధారణంగా 11 లేదా 12 వంతులు. తీగ సన్నబడితే లాగడం తేలికవుతుంది, నాదం మాత్రం కొంత పలచబడుతుంది. ఈ బేరంలో ఎంత వదులుకోవాలన్నది ఎవరికి వారే తేల్చుకోవలసిందే.

విశాఖలో గిటారుకు మొదటి శత్రువు సముద్రపు గాలి. అకూస్టిక్ గిటారు చెక్కకు గాలిలో 45 నుంచి 55 శాతం తేమ అనుకూలమని తయారీదారులు చెబుతారు. తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం తేమ అంతకు మించే ఉంటుంది. తేమను పీల్చుకున్న పైపలక కొద్దిగా ఉబ్బుతుంది, దానితోపాటు తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి లేస్తుంది, తీగలకూ ఫ్రెట్లకూ మధ్య ఎత్తు పెరిగి నొక్కడం కష్టమవుతుంది. ఆ ఎత్తును యాక్షన్ అంటారు. వేళ్లు నొప్పి పుట్టి గిటారు మూలన పడేసినవారిలో చాలామంది ఓడిపోయింది సాధన చేయలేక కాదు, యాక్షన్ సరిచేయించుకోక. ఉప్పుగాలికి కంచు చుట్టిన తీగలు నల్లబడి కొద్ది వారాలలోనే మొద్దుబారతాయి. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవడం, కేసులో సిలికా జెల్ పొట్లాలు ఉంచడం, పైన పలుచని పొర ఉన్న కోటెడ్ తీగలు వాడడం ఇక్కడ విలాసం కాదు. కొత్త ఎఫెక్ట్ పెడల్ కొనడానికి ముందు మంచి సెటప్, అంటే మెడ వంపు, యాక్షన్, శ్రుతి స్థానాలు సరిచేయించడం, తరచుగా తీగలు మార్చడం మీద డబ్బు పెట్టడమే ఈ వాతావరణంలో తెలివైన పని.

రెండో చిక్కు కరెంటు. విద్యుత్ గిటారులో తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంతపు చుట్టను పికప్ అంటారు. ఒకే చుట్ట ఉన్న పికప్ తీగ కదలికతోపాటు చుట్టుపక్కల వైర్ల నుంచి 50 హెర్ట్జ్ రొదనూ పట్టుకుంటుంది. గిబ్సన్ సంస్థ ఇంజినీరు సెత్ లవర్ 1955లో రెండు చుట్టలను పరస్పరం వ్యతిరేకంగా కలిపి ఆ రొద రద్దయ్యే హంబకర్‌ను రూపొందించాడు. పాత వైరింగు, సరిగా లేని ఎర్తింగు ఉన్న ఇళ్లలో హంబకర్ ఉన్న గిటారు ఎంతో మేలు చేస్తుంది. అయినా ఎర్తింగు బాగుచేయించడానికి అది ప్రత్యామ్నాయం కాదు, ఎందుకంటే ఎర్తింగు శబ్దానికే కాదు, ప్రాణానికీ సంబంధించిన విషయం.

ఇంట్లో రికార్డు చేయడం కంప్యూటరుతో మొదలైన అలవాటు కాదు. అమెరికా గిటారు వాద్యకారుడు లెస్ పాల్ 1950ల నాటికే ఒక వాదనం మీద మరొకటి పేర్చే పద్ధతిని ఇంట్లోనే సాధించాడు. 1979లో టాస్కామ్ సంస్థ మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు రికార్డు చేసే పోర్టాస్టూడియోను తెచ్చింది. అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో ఆ యంత్రంతో, ఇంటి గదిలో, నమూనా కోసం చేసుకున్న రికార్డింగే ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా విడుదలైంది. స్టూడియోలో బృందంతో మళ్లీ ప్రయత్నించినా ఆ గదిలోని ఒంటరితనం తిరిగి రాలేదు.

నేటి వాద్యకారుడి చేతిలో పోర్టాస్టూడియో స్థానాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె తీసుకుంది. గిటారు గానీ మైకు గానీ ఇచ్చే సంకేతాన్ని అది సెకనుకు 44,100 సార్లు కొలిచి, అంకెలుగా మార్చి కంప్యూటరుకు పంపుతుంది. వాయించిన క్షణానికీ హెడ్‌ఫోనులో వినబడే క్షణానికీ మధ్య జాప్యాన్ని లేటెన్సీ అంటారు. 128 కొలతల చొప్పున పంపితే ఒక్కో విడతకు దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది, అటూఇటూ కలిపినా చేతికి అడ్డు రాదు. రీపర్ వంటి తక్కువ ఖర్చు సాఫ్ట్‌వేరుతో ఎన్ని ట్రాకులైనా పేర్చవచ్చు. కనుక యంత్రం వైపు నుంచి కంచరపాలేనికీ ముంబయికీ ఇప్పుడు పెద్ద తేడా లేదు. తేడా అంతా గదిలో ఉంది.

అకూస్టిక్ గిటారు రికార్డింగులో మైకును చాలామంది శబ్దరంధ్రానికి ఎదురుగా పెడతారు. అక్కడ మంద్రధ్వని ఉబ్బి మిగతా స్వరాలను మింగేస్తుంది. మెడ శరీరాన్ని కలిసే చోటుకు, 12వ ఫ్రెట్టు వైపుకు తిప్పి, జానెడు దూరంలో ఉంచితే తీగ మెరుపూ చెక్క గాంభీర్యమూ రెండూ సమంగా వస్తాయి. మైకును అంగుళం జరిపినా నాదం మారుతుంది గనుక, సాఫ్ట్‌వేరులో సరిదిద్దుకొనే అరగంట కన్నా మైకు స్థానం వెతికే పది నిమిషాలు విలువైనవి. గచ్చు నేల, సున్నం గోడల చిన్న గదిలో శబ్దం గోడల మధ్య కొట్టుకొని డొల్లగా వినిపిస్తుంది. బీరువా పక్కన నిలబెట్టిన దూది పరుపు, తలుపు మీద వేలాడదీసిన బొంత, వెనుక బట్టల దండెం ఈ లోపాన్ని చాలావరకు పోగొడతాయి. బయటి మోతను మాత్రం అవి ఆపలేవు. రైలు కూత, రహదారి లారీలు, ఎన్‌ఏడీ కూడలి వైపు విమానాల రాకపోకలు తగ్గే అర్ధరాత్రి దాటాకనే మంచి టేక్ దొరుకుతుంది. అప్పుడు కూడా సీలింగ్ ఫ్యాన్ ఆపేసి, విశాఖ ఉక్కపోతలో చెమటతో జారే వేళ్లతో వాయించాలి. శ్రుతి కలిపిన గిటారు ఆ ఉక్కపోతలో నిలకడగా ఉండదు కనుక ప్రతి టేక్‌కూ ముందు మళ్లీ సరిచూసుకోక తప్పదు. స్వరం ఎక్కడా పగలకుండా ఉండాలంటే గరిష్ఠ మట్టానికి పది డెసిబెల్స్ దిగువనే రికార్డింగు మట్టాన్ని ఉంచుకోవాలి. పగిలిన శబ్దాన్ని తరువాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతకలేదు.

రికార్డయిన ట్రాకుల హెచ్చుతగ్గులు సరిచూసి కలపడాన్ని మిక్సింగ్ అనీ, కలిపినదానికి తుది మెరుగు పెట్టడాన్ని మాస్టరింగ్ అనీ అంటారు. ఈ దశలో తొందరపడి శబ్దాన్ని అంతటినీ ఒకే ఎత్తుకు లేపడం కొత్తవారిలో కనిపించే అలవాటు. స్పాటిఫై వంటి వేదికలు పాటలన్నింటినీ దాదాపు ఒకే శబ్దమట్టానికి తెచ్చి వినిపిస్తాయి. బలవంతంగా పెంచినదానిని అవే తగ్గిస్తాయి. కాబట్టి ఆ పెంపులో పోయేది గమకంలోని మెత్తదనమూ మీటుకూ మీటుకూ మధ్య నిశ్శబ్దమూ మాత్రమే. శ్రోతలలో చాలామంది ఫోను స్పీకరులో వింటారు కనుక, తుది మిక్స్‌ను హెడ్‌ఫోనులో ఒకసారి, ఫోనులో ఒకసారి విని తేల్చుకోవడం మంచిది. ఫోనులో గిటారు మంద్రపు తీగలు దాదాపు మాయమవుతాయి, అందుచేత బాణీలోని ముఖ్య సంచారం పై మూడు తీగల మీద ఉన్న వాద్యకారుడికి ఆ నష్టం తక్కువ.

పంపిణీ సంస్థ ద్వారా ట్రాకును వేదికలకు ఎక్కించేటప్పుడు, స్వరకర్త, వాద్యకారుడు, రికార్డు చేసినవారి పేర్లు విడివిడిగా నమోదు చేయడం చాలామంది పట్టించుకోని పని. స్వరకల్పన మీద హక్కు, రికార్డింగు మీద హక్కు చట్టంలో వేర్వేరు. మన దేశంలో స్వరకర్తల, గేయకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ సంస్థ 1969 నుంచి ఉంది. ఒకే మనిషి బాణీ కట్టి, వాయించి, రికార్డు చేసిన చోట ఈ హక్కులన్నీ అతనివే. జానపద బాణీని తీసుకొని వాయించినప్పుడు మాత్రం అది ఏ ప్రాంతపుదో, ఎవరి నోట విని నేర్చుకున్నదో ట్రాకు వివరాలలో రాయడం, ఆ పాటను కాపాడిన జానపద కళాకారులకు చెల్లించవలసిన కనీసపు బాకీ.