మల్కాపురం గాలిలో ఆటపడవ: తెరచాప బొమ్మల భౌతికశాస్త్రం

వ్యాససంగ్రహం

గాలితో నడిచే ఆటబండ్లను, తెరచాప పడవలను పెద్ద వాహనాలకు చిన్న ప్రతులుగా భావించటం పరిపాటి. ఆ భావనతో చేసిన పడవ నీటిలో ఒరిగిపోయినప్పుడు, బండి ఇసుకలో కదలనప్పుడు, లోపాన్ని పిల్లల చేతిపనికి ఆపాదించటం జరుగుతుంది. బొమ్మను నడిపేది గాలి ఒక్కటే కాదనీ, గాలికీ నేలకూ, లేదా గాలికీ నీటికీ మధ్య ఉన్న వేగభేదమే చలనానికి మూలమనీ, పరిమాణం తగ్గేకొద్దీ బలాల నిష్పత్తి మారుతుందనీ ఈ వ్యాసం వివరిస్తుంది. విశాఖపట్నంలోని మల్కాపురం పరిసరాలు ఇందుకు నేపథ్యం.

కీలకపదాలు: తెరచాప, సాపేక్ష వేగం, ఘర్షణ, భ్రామకం, ఫ్రూడ్ సూత్రం, మల్కాపురం.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నం నౌకాశ్రయానికి చేరువలో, యారాడ కొండల వైపు విస్తరించిన పారిశ్రామిక ప్రాంతం మల్కాపురం. దాని పొరుగునే హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఉంది. వాల్‌చంద్ హీరాచంద్ నాయకత్వంలోని సింధియా కంపెనీ 1941లో దీనికి పునాది వేసింది. ఆ కంపెనీ పేరు నేటికీ ఒక ప్రాంతనామంగా అక్కడ నిలిచి ఉంది. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ ‘జల ఉష’ ఓడకు జలప్రవేశం చేయించినది ఇక్కడే.

ఓడల రాకపోకలు నిత్యదృశ్యమైన చోట పిల్లల ఆటల్లో పడవకు స్థానముండటం సహజం. వానాకాలపు కాగితం పడవ, పోలిపాడ్యమినాడు దీపంతో నీట వదిలే అరటిదొప్ప, ముంజికాయల బండి, పాత హవాయి చెప్పుల నుంచి కోసిన చక్రాల బండి తెలుగువారందరికీ పరిచితాలే. వీటిలో మొదటి రెండింటినీ గాలీ నీటి పారుదలా నడుపుతాయి. తక్కిన రెండింటినీ పిల్లల చేయి నడుపుతుంది. ఆ చేతి స్థానంలో తెరచాపను నిలిపినప్పుడు ఏయే బలాలు పనిచేస్తాయన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

2. వెనుకగాలి: వేగానికి హద్దు

పగటివేళ నేల సముద్రంకంటే త్వరగా వేడెక్కటంవల్ల సముద్రం నుంచి తీరానికి గాలి వీస్తుంది. దాని వేగం సెకనుకు 4 మీటర్లు, అంటే గంటకు సుమారు 14 కిలోమీటర్లు అనుకొందాం. 200 గ్రాముల ఆటబండికి 15 సెంటీమీటర్ల భుజం గల చతురస్రాకారపు అట్టచాపను నిలువుగా అమర్చి, గాలిని వెనుకనుంచి తగలనిస్తే, చాపపై బలం మూడు అంశాలపై ఆధారపడుతుంది. అవి గాలి సాంద్రత, చాప వైశాల్యం, గాలికీ బండికీ మధ్య ఉన్న సాపేక్ష వేగపు వర్గం. గాలి సాంద్రతను ఘనపు మీటరుకు 1.2 కిలోగ్రాములుగా, నిరోధ గుణకాన్ని 1.2గా తీసుకొంటే, నిలిచి ఉన్న బండిపై బలం సుమారు 0.26 న్యూటన్లు.

నున్నటి సిమెంటు నేలపై చక్రాల ఘర్షణ బండి బరువులో 3 శాతమనుకొంటే అది 0.06 న్యూటన్లు. కనుక బండి కదులుతుంది. కానీ వేగం పెరిగేకొద్దీ బండిని తాకే గాలి తగ్గుతుంది. సాపేక్ష వేగం సెకనుకు 1.9 మీటర్లకు తగ్గినప్పుడు చాపపై బలం ఘర్షణతో సమానమవుతుంది. అప్పటికి బండి వేగం 2.1 మీటర్లు, అంటే గాలి వేగంలో సగానికి కాస్త ఎక్కువ. ఘర్షణ ఎంత తగ్గించినా, వెనుకగాలి తోపుతోనే నడిచే బండి గాలి వేగాన్ని అందుకోలేదు. ఎందుకంటే ఆ వేగం వద్ద చాపకు గాలే తగలదు.

అదే బండిని ఇసుకపై ఉంచి, ఘర్షణ బరువులో 12 శాతానికి పెరిగిందనుకొంటే తుది వేగం సెకనుకు 0.2 మీటర్లకు పడిపోతుంది. చాపలో లోపం లేదు, గాలి మారలేదు. మారినది నేల మాత్రమే.

3. పక్కగాలి: చాపకు తోడు పట్టు

గాలి పక్కనుంచి వీచినప్పుడు పరిస్థితి వేరు. కదలుతున్న బండికి దాని సొంత వేగంవల్ల ఎదురుగాలి కూడా కలుగుతుంది. ఈ రెంటి కలయికే బండికి అనుభవంలోకి వచ్చే గాలి. బండి వేగం గాలి వేగంతో సమానమైనప్పుడు ఆ గాలి ముందువైపునుంచి 45 డిగ్రీల కోణంలో తాకుతుంది. అక్కడ కూడా ఏటవాలుగా నిలిపిన వంపు చాప గాలిని పక్కకు మళ్లించి, గాలి దిశకు లంబంగా ఉత్థాపక బలాన్ని పుట్టిస్తుంది. ఆ బలంలో ఒక అంశం బండిని ముందుకు లాగుతుంది, మరొక అంశం పక్కకు నెడుతుంది.

పక్కకు నెట్టే అంశాన్ని అడ్డుకొనేది చక్రం. అది ముందుకు సులువుగా దొర్లుతుంది, పక్కకు జారదు. పడవలో ఈ పని అడుగున నిలువుగా దిగిన పలక చేస్తుంది. అరటిదొప్పకు అటువంటి పలక లేదు. అందువల్ల కదలని నీటిలో అది గాలి ఎటు వీస్తే అటే పోతుంది, దాని ముక్కు ఎటు తిరిగి ఉన్నదీ లెక్కలోకి రాదు. అదే దొప్ప అడుగున పలుచని రేకు గుచ్చి, చిన్న చాప నిలిపితే గాలికి అడ్డంగానూ ప్రయాణిస్తుంది. కనుక తెరచాప పడవకు చాప ఎంత ముఖ్యమో, నీటిని పట్టుకొనే పలకా అంతే ముఖ్యం.

4. ఎదురుగాలి: రెండు మాధ్యమాల మధ్య తేడా

బండికి గాలిమరను బిగించి, దాని ఇరుసును పళ్లచక్రాలతో బండి చక్రాలకు కలిపితే, అది నేరుగా గాలికి ఎదురుగా నడవగలదు. మొదట ఇది శక్తినిత్యత్వ నియమానికి విరుద్ధంగా తోస్తుంది. గాలి వేగం ‘గ’, బండి వేగం ‘బ’ అనుకొంటే గాలిమరను తాకే గాలి వేగం రెంటి మొత్తం. గాలిమరపై వెనుకకు నెట్టే బలం ‘ఫ’ అయితే, ఆదర్శ స్థితిలో అది గ్రహించే సామర్థ్యం ఫ × (గ + బ). ఆ బలాన్ని అధిగమించి ముందుకు సాగటానికి చక్రాలకు కావలసినది ఫ × బ మాత్రమే. మిగిలిన ఫ × గ నష్టాలను భరించటానికి ఉపయోగపడుతుంది. నష్టాలు దానిని మించనంతవరకు బండి ఎదురుగాలిలో సాగుతుంది. గాలి ఆగిపోతే ‘గ’ సున్న, మిగులూ సున్న.

అమెరికాలో రిక్ కవల్లారో బృందం నిర్మించిన ‘బ్లాక్‌బర్డ్’ వాహనం 2010లో గాలి వీచే దిశలోనే గాలికి 2.8 రెట్ల వేగంతో నడిచింది. అందులో చక్రాలు పంకాను తిప్పుతాయి. పై సూత్రమే అక్కడ తిరగబడి పనిచేసింది. గాలి, నేల అనే రెండు మాధ్యమాల మధ్య వేగభేదమే రెండు సందర్భాల్లోనూ శక్తికి మూలం.

5. పరిమాణం తగ్గినప్పుడు

8 మీటర్ల తెరచాప పడవను పదహారో వంతుకు తగ్గించి, 50 సెంటీమీటర్ల బొమ్మను ప్రతి కొలతలోనూ యథాతథంగా చేశారనుకొందాం. చాప వైశాల్యం పొడవు వర్గంతో మారుతుంది. దానిని చాప ఎత్తుతో గుణిస్తే, ఒకే గాలిలో పడవను ఒరిగించే భ్రామకం పొడవు ఘనంతో మారుతుంది. పడవను తిరిగి నిలబెట్టే భ్రామకం బరువుపైనా, భుజదూరంపైనా ఆధారపడటంవల్ల పొడవు నాలుగో ఘాతంతో మారుతుంది. అంటే బొమ్మలో ఒరిగించే భ్రామకం 4,096వ వంతుకు తగ్గితే, నిలబెట్టే భ్రామకం 65,536వ వంతుకు తగ్గిపోతుంది. అసలు పడవతో పోలిస్తే ఆ గాలికి బొమ్మ పదహారు రెట్లు బలహీనం.

ఒరిగించే బలం గాలి వేగపు వర్గంతో మారుతుంది కాబట్టి, పదహారుకు వర్గమూలమైన నాలుగుతో గాలి వేగాన్ని భాగిస్తేనే పోలిక కుదురుతుంది. ఓడల నమూనా పరీక్షల్లో విలియం ఫ్రూడ్ 1870లలో నెలకొల్పిన వేగనిష్పత్తి సూత్రం కూడా ఇదే. సెకనుకు 4 మీటర్ల పిల్లగాలి ఈ బొమ్మకు, పెద్ద పడవకు 16 మీటర్ల గాలితో సమానం. అది గంటకు సుమారు 58 కిలోమీటర్లు. పెద్ద పడవలో చాపలు కుదించవలసిన గాలి అది.

పరిష్కారం అనుకరణలో లేదు, మార్పులో ఉంది. చాపపై బలం 0.26 న్యూటన్లు, చాప మధ్యభాగానికీ పలక మధ్యభాగానికీ దూరం 17 సెంటీమీటర్లు అయితే ఒరిగించే భ్రామకం సుమారు 0.044 న్యూటన్ మీటర్లు. పలక కొసన, తేలే భాగపు మధ్యకు 10 సెంటీమీటర్ల కింద 100 గ్రాముల ఇనుప నట్లు బిగిస్తే, 30 డిగ్రీలు ఒరిగినప్పుడు, ఉత్ప్లవన బలాన్ని తీసివేసినా వాటి భ్రామకం 0.043 వరకు వస్తుంది. అంటే పడవ ఒరుగుతుంది గాని తిరగబడదు.

ఒక సౌలభ్యమూ ఉంది. ఈ పరిమాణంలో రేనాల్డ్స్ సంఖ్య 40,000కు లోపే ఉంటుంది. అక్కడ మందమైన విమానపు రెక్క ఆకృతికంటే పలుచని వంపు పలకే సాధారణంగా మెరుగు. కొద్దిగా వంచిన అట్టముక్కే ఆటపడవకు తగిన చాప.

6. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు:

1. వెనుకగాలి తోపుతో నడిచే బండి గాలి వేగాన్ని మించదు. దాని వేగాన్ని నిర్ణయించటంలో నేలకూ సమానమైన పాత్ర ఉంది.

2. పక్కగాలిలో ప్రయాణానికి చాపతోపాటు పక్కజారుడును ఆపే చక్రమో పలకో అవసరం.

3. చలనశక్తికి మూలం రెండు మాధ్యమాల వేగభేదం. అందువల్ల ఎదురుగాలి ప్రయాణం ఏ నియమానికీ విరుద్ధం కాదు.

4. పెద్ద పడవకు అచ్చమైన ప్రతి మంచి ఆటపడవ కాజాలదు. బొమ్మకు చాప పొట్టిగా, పలక లోతుగా, బరువు అడుగున ఉండాలి.

షిప్‌యార్డ్ క్రేన్ల నీడలో పెరిగే పిల్లలు తాము చూసిన ఓడనే బొమ్మగా చేయాలనుకొంటారు. ఆ బొమ్మ నీటిలో పక్కకు ఒరిగితే అది వారి చేతిలోని లోపం కాదు, పరిమాణసూత్రం ఇచ్చిన సమాధానం. ఆ సమాధానాన్ని తప్పుగా లెక్కించి మార్కులు తగ్గించటానికి బదులు, ఒక నట్టు చేర్చి మళ్లీ నీటిలో వదలమని చెప్పగలిగిన ఉపాధ్యాయుని వద్ద ఆ ఆట భౌతికశాస్త్ర పాఠమవుతుంది.