ఐదు కుటుంబాల వియ్యం

న్యూయార్క్ మాఫియా చరిత్ర చదివేవారిలో చాలామంది తుపాకుల దగ్గర ఆగిపోతారు. కులసమాజంలో పుట్టిపెరిగిన నేను పెళ్లిళ్ల దగ్గర ఆగుతాను.

1931 ఏప్రిల్ 15న కోనీ ఐలాండ్‌లోని ఒక భోజనశాలలో జో మసేరియా హతుడయ్యాడు. అందరికీ తానే అధిపతినని ప్రకటించుకున్న అతని ప్రత్యర్థి సాల్వటోర్ మరంజానోను సెప్టెంబరు 10న సొంత కార్యాలయంలోనే చంపారు. రెండు కుట్రల్లోనూ ఉన్న లక్కీ లూసియానో ఆ గద్దె ఎక్కలేదు, దాన్నే ఎత్తివేశాడు. నగరంలోని ఐదు ముఠాల పెద్దలకు, షికాగో, బఫెలో నాయకులకు చోటిస్తూ ‘కమిషన్’ ఏర్పడింది. తగవులన్నీ అక్కడే తీరాలి. రచ్చబండ తీర్పులు ఎరిగినవారికి ఇది వివరించనక్కరలేదు.

ఈ ముఠాలను ‘కుటుంబాలు’ అంటారు. సభ్యత్వానికి మాత్రం ఇటాలియన్ పుట్టుక తప్పనిసరి. లూసియానోకు కుడిభుజం వంటి మేయర్ లాన్స్కీ యూదుడు కనుక బయటే ఉండిపోయాడు. తల్లి సిసిలీ మూలాలదే అయినా, తండ్రి ఐరిష్ కావడంతో హెన్రీ హిల్‌కు ఆ అర్హత లేకపోయింది. అయితే ఈ ముఠాల బెదిరింపులకు మొదట బలైంది తోటి ఇటాలియన్ వలసజీవులేనని మరువరాదు.

ఇదే నగరంలో, 1916 మే 9న, కొలంబియా విశ్వవిద్యాలయంలో యువ అంబేడ్కర్ కులాన్ని తలుపులు మూసుకున్న వర్గంగా, అంతర్వివాహాన్ని దాని సారంగా వివరించారు. మాఫియా కులమని నేను అనను. కానీ 1956లో బొనానో కుమారుడు మరో కుటుంబాధిపతి ప్రొఫాచీ సోదరుని కుమార్తెను పెళ్లాడాడు. 1962లో గాంబినో, లూకేసీ వియ్యంకులయ్యారు.

మా ఊళ్లో ఏళ్ల తరబడి కత్తులు దూసుకున్న రెండు పెద్దిళ్లు వియ్యమందినప్పుడు ఊరంతా ఊపిరి పీల్చుకుంది. మా వాడలో ఒక ముసలాయన మాత్రం, ‘‘ఇక కూలి చాలదంటే ఎవరి గడప తొక్కుతామురా?’’ అన్నాడు. ఆ పెళ్లి భోజనం రుచి మరిచాను గానీ ఆ మాట మరవలేదు.

న్యూయార్క్‌లో బిల్డర్లకూ అదే గతి పట్టింది. 20 లక్షల డాలర్లు దాటిన కాంక్రీటు కాంట్రాక్టులపై 2 శాతం వసూలు చేసి నాలుగు కుటుంబాలు పంచుకున్న సంగతి 1986 నాటి ‘కమిషన్ కేసు’లో బయటపడింది. ఏ పని ఎవరికి దక్కాలో కూడా వాళ్లే నిర్ణయించారు. ఒకరి వేధింపు తాళలేక మరొకరి చాటుకు పోదామంటే, ఆ మరొకరూ వాటాదారే. (ఎఫ్‌బీఐ మనిషి లోపలికి చొరబడ్డాడని తెలిశాక బొనానో కుటుంబాన్ని మిగతావారు దూరం పెట్టారు. అదీ ఒక వెలి.)

హార్లెంలో మన మట్కా వంటి ‘నంబర్ల’ జూదం ఉండేది. 1920లలో దాన్ని నల్లజాతివారే నడిపారు. వారిలో గ్వాడెలూప్ నుంచి వచ్చిన స్టెఫనీ సెయింట్ క్లెయిర్ అనే మహిళ ప్రముఖురాలు. జూదాన్ని నేను వెనకేసుకురాను. కానీ ఆ డబ్బు హార్లెం చేతుల్లోనే తిరిగేది. 1930ల ఆరంభంలో డచ్ షుల్జ్ ఆ వ్యాపారాన్ని దౌర్జన్యంగా లాక్కున్నాడు. 1935 అక్టోబరులో అతడు హతుడయ్యాక అది తిరిగి హార్లెంకు రాలేదు, లూసియానో మనుషులకు పోయింది. నంబర్లు రాసేదీ, పైసా పైసా కట్టేదీ మాత్రం నల్లవారే. కమిషన్‌లో వారికి ఎన్నడూ కుర్చీ వేయలేదు.