ఫారంలో ఆ నాలుగు గీతలు
కారు గుద్దుకున్నాక మనం ఏం రాస్తాం, ఎవరితో రాయిస్తాం, ఎక్కడ సంతకం పెడతాం?

మోటారు బీమా క్లెయిమ్ ఫారం తెరవగానే కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక కనిపిస్తుంది. ఈ ఫారం ఇచ్చినంత మాత్రాన కంపెనీ బాధ్యత ఒప్పుకున్నట్టు కాదని దాని సారాంశం. బంపర్ ఊడి, గుండె దడ ఇంకా తగ్గని మనిషికి దొరికే మొదటి పలకరింపు అదీ.

ఎడిటర్ నన్ను అడిగింది వేరు. ‘‘కారు గుద్దుకుంటే ఏం చేయాలో చెప్పండి. పాఠకుడు కత్తిరించి దాచుకోవాలి. బుధవారం పేజీలు వెళ్లిపోతాయి’’ అన్నారు. సరేనని పాలసీ షరతులు, చట్టం సెక్షన్లు, సుప్రీంకోర్టు తీర్పులు ముందేసుకుని కూర్చున్నాను. అన్నిటికన్నా ప్రాణమున్న కాగితం ఈ ఫారమే అనిపించింది. బీమా ప్రకటనల్లో నవ్వే కుటుంబాలను నేను నమ్మను. ఈ ఫారం మాత్రం నాకు నచ్చింది. అది ఎవరినీ చూసి నవ్వదు, ప్రశ్నలు వేస్తుంది. ప్రతి ప్రశ్న వెనకా ఎక్కడో ఒక క్లెయిమ్ ఆగిపోయిన కథ ఉంటుంది.

ప్రమాద సమయంలో బండిని దేనికి వాడుతున్నారు? చూడ్డానికి అమాయకమైన ప్రశ్న. ప్రైవేటు కారు పాలసీ కిరాయి తిప్పడానికి వర్తించదు. సొంత సామాను తప్ప సరుకు రవాణాకూ వర్తించదు, పందేలకూ వర్తించదు. తెల్ల నంబరు ప్లేటు కారును తెలిసినవాళ్లకు తిరుపతి ట్రిప్పుకి మాట్లాడి, డీజిలు మీద ఇంతని తీసుకున్నవాడు ఈ గడి దగ్గర ‘సొంత పని’ అని రాస్తాడు. కారులో ఎంతమంది ఉన్నారన్నది ఆ పక్క ప్రశ్న. వాళ్లలో దెబ్బ తగిలినవాడు ఆసుపత్రిలో ‘‘మనిషికింత ఇచ్చాం సార్’’ అన్నాడంటే ఆ రెండు జవాబులకూ పొత్తు కుదరదు.

నడిపింది ఎవరు? ఇక్కడే మన ఇళ్లలో అసలు నాటకం మొదలవుతుంది. లైసెన్సు లేని కొడుకు నడిపితే తండ్రి పేరు, మందు తాగిన బావగారు నడిపితే తాగని తమ్ముడి పేరు రాస్తారు. చెల్లుబాటయ్యే లైసెన్సు లేకపోయినా, తాగి నడిపినా సొంత కారు నష్టానికి పాలసీ వర్తించదని అందరికీ తెలుసు కాబట్టే ఈ మార్పిడి. అయితే నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయర్ చదివేది కాగితమొక్కటే కాదు. డ్రైవర్ సీటు ఎంత ముందుకి జరిపి ఉంది, ఏ ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంది, దెబ్బలు ఎవరికి తగిలాయి, టోల్‌గేటు కెమెరాలో ఎవరున్నారు అన్నవి కూడా అతని ముందుంటాయి. అబద్ధం బయటపడిందా, అసలు ఇవ్వాల్సిన డబ్బు కూడా రాదు. ఎదుటివాడికి మాత్రం ఈ శిక్ష లేదు. లైసెన్సు లోపం ఉన్నా థర్డ్ పార్టీ బాధితుడికి ముందు కంపెనీ చెల్లించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవచ్చని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆ బిల్లు తిరిగి ఆ తండ్రి గడపకే వస్తుంది.

తర్వాత వస్తుంది నాకు అన్నిటికన్నా ఇష్టమైన గడి. ప్రమాదం ఎలా జరిగిందో క్లుప్తంగా రాయండి అంటుంది. దానికి ఇచ్చేది మూడు నాలుగు గీతలు. కొన్ని ఫారాల్లో బొమ్మ గీయడానికి ఖాళీ కూడా వదులుతారు. ఫారం మొత్తంలో మన గొంతు వినిపించే చోటు ఇదొక్కటే. మిగతావన్నీ నంబర్లూ తేదీలూ.

ఆ గొంతును మనం రిపేరు షెడ్డులో వదిలేసి వస్తాం. అక్కడి సంభాషణ కారున్న వాళ్లందరికీ పరిచయమే.

‘‘సార్, ఇక్కడో సంతకం, ఇక్కడో సంతకం. మిగతాది మేం చూసుకుంటాం.’’

‘‘ఎలా జరిగిందో రాయాలి కదండీ?’’

‘‘అది మామూలేనండీ. మేం రాసేస్తాం.’’

ఆ మామూలు వాక్యంలో ఎప్పుడూ ఒక కుక్కో గేదో అడ్డొస్తుంది. దాన్ని తప్పించబోతే బండి అదుపు తప్పి డివైడర్‌కి తగులుతుంది. తెలుగు నేల మీద ఇన్ని కుక్కలు ఇన్ని కార్లకు అడ్డం పడుతున్నాయంటే నేను నమ్మను. అసలు జరిగింది వేరే ఉంటుంది. ఎదురు లైట్ల వెలుగుకి కళ్లు చెదిరి ఉండొచ్చు. రాంగ్ రూట్లో వచ్చిన ఆటోని తప్పించబోయి ఉండొచ్చు. ఇంటి గేటు దగ్గర రివర్స్ తీస్తూ స్తంభానికి కొట్టి ఉండొచ్చు. ఇందులో ఏదీ క్లెయిమ్ రాకుండా చేసేది కాదు. డ్రైవర్ పొరపాటున గుద్దినా సొంత నష్టం కవర్ ఉన్న పాలసీ వర్తిస్తుంది, బీమా ఉన్నదే అందుకు. నిజం రాసినా వచ్చే డబ్బుకి లేని కుక్కను తెచ్చి అబద్ధం సంతకం చేయడం ఎందుకు? వెనక బంపర్ సొట్టపడితే ముందు కుక్క అడ్డొచ్చిందని రాసిన ఫారం సర్వేయర్ చేతికెళితే ఏమవుతుందో ఊహించుకోండి.

అందుకే నా సలహా ఇది. ఆ రాత్రే, చేతుల వణుకు తగ్గాక, తెల్లకాగితం మీద తెలుగులో మీరే రాయండి. ఎన్ని గంటలకు, ఏ రోడ్డు మీద, ఎటునుంచి ఎటు వెళ్తున్నారు, సుమారు ఎంత వేగం, ఏం కనిపించింది, మీరేం చేశారు, ఎక్కడ తగిలింది. తెలియనిది తెలియదనే రాయండి. మర్నాడు షెడ్డులో సర్వీస్ అడ్వైజర్‌కి ఆ కాగితమిచ్చి, ఫారంలో అదే ఇంగ్లిష్‌లో పెట్టమనండి. పెట్టాక చదివి వినిపించమనండి. అప్పుడు సంతకం చేయండి. ఖాళీ ఫారం మీద చేసే సంతకం, అక్కడ లేనివాడు చెప్పే సాక్ష్యానికి మీరిచ్చే హామీ.

ఇంకొకటి. ఫారంలోని తేదీ, సమయం, చోటు మిగతా కాగితాల్లోనూ అవే ఉండాలి. ఎఫ్‌ఐఆర్ ఉంటే అందులో, ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసు (ఎంఎల్‌సీ) రాస్తే అందులో, కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకి ఫోన్ చేసినప్పుడు రికార్డయిన మాటల్లో. కారు కదపకముందు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. రోడ్డూ, ఎదుటి బండి నంబరూ కూడా పడాలి. సర్వేయర్ చూసేదాకా ఒక్క నట్టు కూడా విప్పనివ్వకండి.

రోడ్డు పక్క రాజీ

ఫారం దాకా రాకుండానే చాలా ప్రమాదాలు రోడ్డు మీదే ముగిసిపోతాయి. బైకు పడిపోయింది, జనం మూగారు, ఊరి పెద్దమనిషి ఒకరు ముందుకొచ్చారు. ‘‘ఎందుకు బాబూ స్టేషన్లూ కోర్టులూ, ఆసుపత్రి ఖర్చు పెట్టుకుంటానని రాసివ్వు’’ అంటారు. తెల్లకాగితం వస్తుంది, సంతకాలు పడతాయి.

మన పాలసీ షరతుల్లో ఒకటి సరిగ్గా ఈ కాగితం గురించే ఉంది. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బిస్తానని మాటివ్వడం, చెల్లించడం చేయకూడదు. చేస్తే రేపు కోర్టు నోటీసు వచ్చినప్పుడు కంపెనీ ఆ కాగితాన్నే చూపిస్తుంది. అలాగని గాయపడినవాణ్ని వదిలి వెళ్లమని ఎవరూ చెప్పడం లేదు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం వైద్యం అందేలా చూడటం డ్రైవర్ బాధ్యత. స్టేషన్‌కు 24 గంటల్లోపు తెలియజేయడం, కంపెనీకి చెప్పడం కూడా. ఆసుపత్రికి తీసుకెళ్లడం చట్టం చెప్పిన పని. కాగితం రాసివ్వడం పెద్దమనిషి చెప్పిన పని. ఈ రెండింటినీ కలపకండి.

ఆ కాగితం వల్ల ఎక్కువ నష్టపోయేది బైకు మీదివాడేనని నా అభిప్రాయం. పదివేలు తీసుకుని ఇంటికెళ్లిన మనిషికి నెల తర్వాత మోకాలు పనిచేయకపోతే, కేసే లేని ప్రమాదానికి ట్రిబ్యునల్‌లో పరిహారం అడగడం చాలా కష్టం. పైగా క్లెయిమ్ ఆరు నెలల్లో వేయాలని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ గడువు పెట్టింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. రాజీ కుదిర్చిన పెద్దమనిషికి ఈ గడువు సంగతి తెలిసి ఉంటుందా?

చరిత్ర, ఒక్క గుక్కలో

ఎడిటర్‌కి చరిత్ర కావాలి, నాకు టైము లేదు. 1939లో మోటారు వాహనాల చట్టం, 1946 జులై 1 నుంచి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 1973లో జాతీయీకరణతో 107 కంపెనీలు నాలుగయ్యాయి. 1988లో ఇప్పటి చట్టం, 1999లో బీమా నియంత్రణ సంస్థ చట్టం వచ్చాయి. ఆ సంస్థ మన హైదరాబాద్‌కే తరలివచ్చింది. 2007లో సొంత నష్టం ప్రీమియం ధరలు కంపెనీల ఇష్టానికి వదిలేశారు. ధరలు మారినా 2002 టారిఫ్ నాటి మాటలు పాలసీల్లో అలాగే నిలిచిపోయాయి. కంపెనీని అడక్కుండా మీరు చేయించుకోగల రిపేరు పరిమితి అందులో రూ.500. టోయింగ్‌కి కారుకిచ్చేది రూ.1,500. ఈ రోజుల్లో రూ.500కి షెడ్డులో ఏం రిపేరు చేస్తారో రాసినవాళ్లే చెప్పాలి.

బాక్స్: బిల్లులో కోత ఎక్కడ?

‘క్యాష్‌లెస్’ అంటే జేబులోంచి రూపాయి తీయక్కర్లేదని కాదు. నాలుగున్నరేళ్ల కారు, 1500 సీసీ లోపు, జీరో డెప్ (తరుగుదల కోయని అదనపు కవర్) లేని పాలసీ అనుకుందాం. ఎస్టిమేటు ఇలా వచ్చింది: ప్లాస్టిక్ బంపర్ రూ.12,000, బానెట్ రూ.15,000, ముందు అద్దం రూ.8,000, పెయింటింగ్ రూ.10,000, కూలి రూ.6,000. మొత్తం రూ.51,000. పన్నుల లెక్క పక్కన పెడదాం.

ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీకి తరుగుదల 50 శాతం. బంపర్ మీద రూ.6,000 పోయింది. నాలుగు నుంచి అయిదేళ్ల కారు ఇనప భాగాలకు 35 శాతం. బానెట్ మీద రూ.5,250. అద్దానికి కోత లేదు. పెయింటింగ్ బిల్లులో పావు వంతు రంగు ఖరీదుగా లెక్కేసి దానిలో సగం కోస్తారు, రూ.1,250. కూలికి కోత లేదు. దీనికి తప్పనిసరి మినహాయింపు రూ.1,000 కలిపితే మీరు కట్టేది రూ.13,500. కంపెనీ ఇచ్చేది రూ.37,500. జీరో డెప్ ఉంటే మీరు కట్టేది దాదాపు వెయ్యికి దిగుతుంది.

చిన్న గీతకి క్లెయిమ్ చేసే ముందు ఇంకో లెక్క చూడండి. క్లెయిమ్ లేని ఏళ్లకిచ్చే నో క్లెయిమ్ బోనస్ 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. 50కి చేరినవాడు ఒక్క క్లెయిమ్ చేస్తే సున్నాకి పడతాడు. సొంత నష్టం ప్రీమియం ఏటా రూ.12,000 అనుకుంటే, మళ్లీ 50కి ఎక్కేలోపు పోగొట్టుకునేది మొత్తం రూ.15,000. నాలుగు వేల గీతకి అంత అవసరమా?

బాక్స్: నీళ్లలో ఆగిన కారు

2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడ మునిగినప్పుడు కార్లు నీళ్లలో నిలిచిపోయాయి. వరద నష్టం సొంత నష్టం పాలసీలో ఉంటుంది. అయితే ఇంజిన్‌లోకి నీరు వెళ్లాక తాళం తిప్పితే లోపలి భాగాలు విరుగుతాయి. అది మీరు కొనితెచ్చుకున్న నష్టమని కంపెనీ వాదిస్తుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేనివాళ్లు కారు తుడిచాక కూడా తాళం ముట్టకండి. టోయింగ్‌కి ఫోన్ చేయండి.

బాక్స్: మనిషికి దెబ్బ తగిలితే

108కి, జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేయండి. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద ప్రమాద బాధితుడికి ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా నగదు రహిత వైద్యం ఉంది. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోయినా మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయానికి రూ.50,000 పరిహారం ఉంది. ఆసుపత్రికి చేర్చిన దారినపోయేవాళ్లకు 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఇష్టం లేకపోతే వాళ్లు పేరు చెప్పనక్కర్లేదు.

సర్వేయర్ రాసిందే చివరి మాటా?

కాదు. సర్వేయర్ నివేదికకు విలువ ఉంటుంది గానీ అదే అంతిమం కాదని 2009లో ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సర్వేయర్ తగ్గించిన ప్రతి అంకెకీ కారణం అడగండి, నివేదిక ప్రతి అడిగి తీసుకోండి. 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ తెలిపిన 24 గంటల్లో సర్వేయర్‌ని నియమించాలి. అతను 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. నివేదిక అందిన 7 రోజుల్లో కంపెనీ అవునో కాదో చెప్పాలి. కాగితం చాలలేదన్న ఒక్క సాకుతో క్లెయిమ్ తోసిపుచ్చకూడదు. కౌంటర్ దగ్గర ‘‘ఇంకా పైనుంచి అప్రూవల్ రాలేదండీ’’ అన్నప్పుడు ఈ తేదీలు లెక్కపెట్టి చూపించండి. నోటితో కాకుండా ఈమెయిల్‌లో అడగండి.

కాదంటే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వాళ్లకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. రూ.50 లక్షల వరకు వివాదాలు వింటారు, ఇచ్చిన తీర్పుకి కంపెనీ కట్టుబడాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.