గది, భోజనం సరే, తర్వాత?

మనలో కొందరి అమ్మానాన్నలు ఇప్పుడు కాకినాడలో పెద్దవాళ్ల హోముల్లో ఉంటున్నారు. ఫోన్ చేస్తే మనం అడిగేవి రెండే: గది బావుందా, భోజనం సరిగ్గా పెడుతున్నారా? ఆ రెండూ బావున్నంత మాత్రాన మనిషి బావున్నట్టు కాదు.

ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వవేత్తలు అమెరికాలో ఒక నర్సింగ్ హోమ్‌లో చేసిన ప్రయోగం 1976లో అచ్చయింది. ఒక అంతస్తులో ఉన్నవాళ్లకు మొక్కలు చూపించి, నచ్చింది తీసుకుని మీరే పెంచుకోండి అన్నారు. సినిమా గురువారం చూస్తారో శుక్రవారం చూస్తారో కూడా వాళ్ల ఇష్టానికే వదిలేశారు. ఇంకో అంతస్తులో మొక్కలకు నర్సులే నీళ్లు పోశారు, ఏ రోజు సినిమాకు వెళ్లాలో సిబ్బందే చెప్పారు. మూడు వారాలు తిరిగేసరికి మొదటివాళ్లలో హుషారూ కలివిడితనమూ పెరిగాయి.

మా దొడ్డమ్మ ఉండే చోట ఆయా చాలా మంచిది. స్నానం కాగానే బీరువా తీసి, చేతికందిన చీర ఇస్తుంది. "నా చీర నేను తీసుకుంటానే" అంది దొడ్డమ్మ ఒకరోజు. "మీకెందుకు మామ్మగారూ శ్రమ" అని ఆయా తలుపు మూసేసింది. ప్రేమతోనే. కానీ ఆ పూటకి దొడ్డమ్మ తనంతట తాను తేల్చుకోగలిగింది ఆ ఒక్కటే.

బ్రిటన్‌లో క్లైవ్ బల్లార్డ్ బృందం 69 హోముల్లో, డిమెన్షియా ఉన్న ఎనిమిది వందల మందికి పైగా పెద్దవాళ్లతో చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. సిబ్బందికి తర్ఫీదు ఇచ్చి, ఒక్కొక్కరికి ఇష్టమైన సంగతులే వాళ్లతో మాట్లాడించారు. పెద్దవాళ్లలో అలజడి తగ్గింది, ఖర్చూ తగ్గింది.

మన దేశంలో వయసు మళ్లినవాళ్ల స్థితిగతుల మీద 2017లో మొదలైన 'లాసి' సర్వే, 45 ఏళ్లు దాటినవాళ్లనూ వాళ్ల జీవిత భాగస్వాములనూ కలిపి 72 వేల మందికి పైగా పలకరించింది. అయితే అది ఇళ్లకు వెళ్లి చేసింది. హోముల్లో వాళ్ల సంగతి అందులో దొరకదు. తెలుగునాట ఇలాంటి పని సాధ్యం కాదా అంటే, హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి, ఒకటికి మించి భాషలు వచ్చినవాళ్లలో ఆ జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లోనే చూపించింది. చదువు రానివాళ్లలోనూ ఆ ఆలస్యం కనిపించింది.

కాకినాడలో 1958 నాటి రంగరాయ వైద్య కళాశాల ఉంది. దాని పూర్వ విద్యార్థులు మన మధ్యే ఉన్నారు. కొత్త గదులకు చందాలు పోగుచేసే ముందు, వాళ్లను కూర్చోబెట్టి ఒక ఏడాది అధ్యయనానికి డబ్బిద్దాం. ఎవరు ఎప్పుడు ఎక్కడ పడిపోయారు, రోజుకి ఎన్ని మాత్రలు మింగుతున్నారు, వాటిలో నిద్రమాత్రలు ఎన్ని, పది నిమిషాలు ఎవరైనా పక్కన కూర్చుని మాట్లాడారా అన్నది ప్రతి హోమూ రాసి ఉంచాలి. ఆ ప్రశ్నలు తెలుగులోనే తయారు కావాలి. ఆయాలకు జీతం కాక, ఆ రాతపనికి వేరే డబ్బు ఇవ్వాలి.