ప్రణాళికలో సముద్రం, పద్దులో సున్న

న్యూఢిల్లీ: కేంద్ర విద్యామంత్రిత్వ శాఖ నుంచి వెలువడే పత్రాలలో సదుద్దేశానికి ఏనాడూ కొరత ఉండదు. జాతీయ విద్యావిధానం నాలుగవ వార్షికోత్సవ సందర్భంగా 2024 జూలై నెలాఖరున వెలువడిన మార్గదర్శక సూత్రాలు ఆ కోవలోనివే. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఏడాదికి పది రోజులు పుస్తకాల సంచి లేకుండా చదువుకోవాలని, ఆ రోజులలో వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటి పనివారి చెంతకు వెళ్ళి చేతిపని నేర్వాలని, పరిసరాలలోని చారిత్రక స్థలాలను, ప్రకృతిని, పరిశ్రమలను కళ్ళారా చూడాలని వాటి సారాంశం.

ఈ ఆలోచనకు దీర్ఘ చరిత్రే ఉన్నది. మాల్గుడి సృష్టికర్త ఆర్.కె.నారాయణ్ రాజ్యసభ నామినేటెడ్ సభ్యునిగా ఉన్న కాలంలో, 1989లో, పిల్లల వీపు మీది పుస్తకాల మోత గురించి సభలో ఆవేదన వెలిబుచ్చారు. ఆ చర్చ ఫలితంగా ఏర్పాటైన ప్రొఫెసర్ యశ్‌పాల్ సంఘం 1993లో భారం లేని చదువు కావాలని నివేదించింది. అంతకు ముందే, 1991 నవంబరులో, సుప్రీంకోర్టు ఎం.సి.మెహతా కేసులో పర్యావరణాన్ని విద్యాలయాలలో విధిగా బోధించాలని తీర్పు చెప్పింది. బడి గోడ దాటి లోకాన్ని చూడనిదే చదువు పూర్తికాదని సభలు, సంఘాలు, న్యాయస్థానం, చివరకు ప్రభుత్వ విధానమూ ఏకకంఠంతో చెప్పినట్టే. మిగిలిన ప్రశ్న ఒక్కటే: పిల్లలను అక్కడికి తీసుకుపోయే బస్సు కిరాయి ఎవరిస్తారు?

దీనికి జవాబు రాజధాని ఫైళ్ళలో దొరికేటట్టు లేదని తోచి, ఇటీవల సూరత్ వెళ్ళినప్పుడు పనిగట్టుకుని హజీరా దాకా పోయి వచ్చాను.

హజీరా అనే పాఠశాల

సూరత్ నగరానికి పాతిక కిలోమీటర్ల దూరాన, తపతీ నది సముద్రంలో కలిసే చోట ఉన్నది హజీరా. ఖంభాత్ సింధుశాఖ ఆటుపోట్లకు పెట్టింది పేరు. మన దేశంలో మరెక్కడా సముద్రం అంత ఎత్తున పొంగి, అంత దూరం వెనక్కు పోదు. పాటు వేళ నేను చూసినప్పుడు కనుచూపు మేర బురదనేల బయటపడి ఉన్నది. దాని అంచున మడచెట్లు, వాటి చుట్టూ బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకు వచ్చిన శ్వాసవేళ్ళు. కాకినాడ దాపున కోరంగి మడ అడవులు చూసిన మనవారికి ఈ దృశ్యం కొత్త కాదు. ఉప్పునీటిలో చెట్టు ఎట్లా బతుకుతుందో, దాని వేళ్ళ నడుమ రొయ్యపిల్ల ఎందుకు పెరుగుతుందో ఇక్కడ గంటసేపు నిలబడిన పిల్లవాడికి వేరే చెప్పనక్కరలేదు.

చరిత్ర పాఠమూ ఇక్కడే ఉన్నది. పక్కనే ఉన్న సువాలీ తీరాన 1612లో కెప్టెన్ థామస్ బెస్ట్ నౌకలు పోర్చుగీసు నావికాదళాన్ని ఎదిరించి నిలిచాయి. మరుసటి ఏడే జహంగీర్ చక్రవర్తి ఫర్మానా ఈస్టిండియా కంపెనీకి దక్కింది. సూరత్‌లో వారి వర్తకస్థావరం స్థిరపడింది. సర్ థామస్ రో 1615లో రాయబారిగా దిగింది కూడా ఈ రేవులోనే. తరువాతి రెండు శతాబ్దాల మన కథకు తొలిపుట ఈ ఇసుక మీద రాయబడిందంటే అతిశయోక్తి కాదు.

ఇక విజ్ఞానశాస్త్రం, అర్థశాస్త్రం సంగతి. బొంబాయి తీరానికి దూరంగా సముద్రగర్భంలో దొరికిన సహజవాయువు ఇక్కడే ఒడ్డుకు చేరుతుంది. హజీరా-విజయపూర్-జగదీశ్‌పూర్ గొట్టపుమార్గం ఇక్కడే మొదలవుతుంది. ఆ మార్గాన్ని నిర్మించడానికి 1984లో గెయిల్ సంస్థ పుట్టింది. ఉత్తరాది ఎరువుల కర్మాగారాలకు ఆ వాయువే ఆధారమైంది. క్రిభ్‌కో ఎరువుల కర్మాగారం, ఉక్కు మిల్లు, ద్రవీకృత వాయువు దిగే రేవు, భారీ యంత్రాల కర్మాగారం అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. 2020 నవంబరులో ప్రారంభమైన ఘోఘా-హజీరా పడవ సర్వీసు, రోడ్డు మీద 370 కిలోమీటర్లుండే ప్రయాణాన్ని సముద్రం మీద 90 కిలోమీటర్లకు తగ్గించింది. పొగగొట్టం, మడచెట్టు, చేపల వల ఒకే చూపులో పడే చోటు ఇది. అభివృద్ధి అంటే ఏమిటి, అందుకు చెల్లించే వెల ఎంత అన్న ప్రశ్నను పిల్లలు తమంత తాము వేసుకోవడానికి ఇంతకంటె మంచి తరగతిగది ఎక్కడుంటుంది?

మనవారి పిల్లలు

సూరత్ మరమగ్గాల మీద తెలంగాణ నుంచి వలస వచ్చిన నేతకుటుంబాలు తరాలుగా బతుకుతున్నాయి. నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలలో కూడా బడులు నడుపుతున్నది. పరాయి రాష్ట్రంలో ఒక పురపాలక సంస్థ తెలుగు బడులు నడపడం మనం మనసారా మెచ్చుకోవలసిన విషయం.

నాతోపాటు తీరానికి వచ్చిన వ్యక్తి అక్కడి తెలుగు పిల్లలకు చాలాకాలం చదువు చెప్పిన మాస్టారు. తన దగ్గర చదివిన వారిలో సముద్రం చూడకుండానే బడి ముగించినవారు కొల్లలని ఆయన చెప్పారు. నేసిన మీటర్ల లెక్కన కూలి తీసుకునే తండ్రికి ఒక పూట సెలవంటే ఒక పూట కూలి పోవడమే. అందువల్ల ఇంటివారు తీసుకుపోవడం అరుదు. బడి తీసుకుపోవాలంటే పిల్లకింత అని చందా వేయాలి. ఇవ్వలేని పిల్లలు ఆనాడు కడుపునొప్పి అనో, ఊరినుంచి చుట్టాలు వచ్చారనో చెప్పి బడి మానేస్తారట. పేరు పిలిచి డబ్బు అడిగే ఆ క్షణాన్ని తప్పించుకోవడానికే ఆ అబద్ధమని, అందుకే తాను చందా అడగడమే మానుకున్నానని ఆయన అన్నారు.

ఇక్కడే చట్టం మాట గుర్తు చేయాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం మూడవ సెక్షన్ ప్రకారం, ప్రాథమిక విద్య పూర్తిచేయడానికి అడ్డుపడే ఎటువంటి ఫీజునూ ఖర్చునూ పిల్లవాడి నెత్తిన వేయరాదు. పది రోజుల బయటి చదువు నిజంగా చదువులో భాగమే అయితే, దాని ఖర్చు ప్రభుత్వానిదే కావాలి. అది విహారయాత్ర అయితే విధానపత్రంలో దానికి అంత పీట వేయనక్కరలేదు.

లెక్కలు చెప్పే సంగతి

ఇప్పుడు పద్దులు చూద్దాం. పర్యావరణ మంత్రిత్వ శాఖ 2001లో జాతీయ హరితదళం పేరుతో దేశమంతటా బడులలో పర్యావరణ సంఘాలు పెట్టించింది. ఒక్కొక్క సంఘానికి ఏడాదికి 2,500 రూపాయలు ఇచ్చేవారు. అది తరువాత 5,000 అయింది. మొక్కలు, గోడపత్రికలు, పోటీలు అన్నీ అందులోనే. పోనీ, ఆ 5,000 రూపాయలనూ పది రోజుల బయటి చదువుకే వెచ్చించామనుకుందాం. రోజుకు 500 వస్తాయి. యాభైమంది ఉన్న తరగతిలో తలకు పది రూపాయలు. సూరత్ నుంచి హజీరా పోయి రావడానికి, మధ్యాహ్నం ఇంత మంచినీరు తాగడానికి ఆ పది రూపాయలు చాలుతాయా అన్నది పాఠకుల ఊహకే వదులుతున్నాను.

సమగ్ర శిక్ష పథకం కింద 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50,000 రూపాయల నిర్వహణ గ్రాంటు నిర్ణయించారు. రెండువందల మంది ఉన్న బడిలో అది తలకు 250. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, కిటికీ రెక్కల మరమ్మతు, పారిశుద్ధ్యం అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఈ ఖర్చులో కేంద్రం వాటా 60, గుజరాత్, ఆంధ్ర, తెలంగాణ వంటి రాష్ట్రాల వాటా 40. దానిలోంచి బస్సు కిరాయి తీయమంటే, ప్రధానోపాధ్యాయుడు కిటికీని మరచిపోవాలి.

పరిశ్రమలున్న చోట డబ్బుకు కొదవా అని కొందరంటారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. తమ కర్మాగారాల చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యమివ్వాలి. హజీరా వంటి చోట అది చిన్న మొత్తం కాదు. ఆ డబ్బుతో పనులు జరిగితే సంతోషమే. కాని ఏ ఊరికి, ఏ బడికి, ఏ ఏడు ఇవ్వాలన్నది కంపెనీ నిర్ణయం. కర్మాగారం లేని ఊరి పిల్లల గతి ఏమిటి? అదీగాక, మడ అడవి గురించి, పొగ గురించి పిల్లవాడు అడగదలచిన ప్రశ్నలకు ఆ బస్సు కిరాయి ఇచ్చిన సంస్థే జవాబుదారీ అయిన చోట, ఉపాధ్యాయుడి నోరు కొంత వెనుకాడుతుంది. పాఠం చెప్పే స్వేచ్ఛ కోసమైనా అది ప్రజల డబ్బు కావాలి.

పొదుపు చేయకూడని చోటు

ఈ విషయంలో డబ్బు లేకపోవడం అసౌకర్యంతో ఆగదు, ప్రాణాలమీదికి వస్తుంది. 2024 జనవరి 18న ఇదే గుజరాత్‌లో, వడోదర హర్నీ చెరువులో పడవ బోల్తాపడి విహారానికి వచ్చిన 12 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు మరణించారు. పరిమితికి మించి ఎక్కించారు. చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. అంతకు పదేళ్ళ కిందట, 2014 జూన్ 8న, హిమాచల్‌లోని బియాస్ నదిలో లార్జీ జలాశయం నుంచి హఠాత్తుగా వదిలిన నీటికి హైదరాబాదు నుంచి వెళ్ళిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. ఆ కన్నీరు మన ఇళ్ళలో ఇంకా ఆరలేదు.

ఇటువంటి ఘోరం జరిగిన ప్రతిసారీ విహారయాత్రల మీద ఆంక్షలు విధించడం అధికారులకు సులువైన మార్గం. శిక్షణ పొందిన సహాయకుడు, ఆటుపోట్ల వేళలు తెలిసిన స్థానికుడు, ప్రథమ చికిత్స పెట్టె, పరిమితికి లోబడిన పడవ, బీమా, వీటన్నిటికీ డబ్బు కావాలి. అది ఇవ్వకుండా పంపితే ప్రమాదం. పంపకుండా ఉంటే అజ్ఞానం. హజీరా వంటి చోట పాటు వేళ బురదలోకి దిగిన పిల్లలకు పోటు ఎప్పుడు వస్తుందో చెప్పే మనిషి లేకపోతే అది పాఠం కాదు, పందెం.

తలచుకుంటే చేయగలమని

ప్రభుత్వాలకు ఇది సాధ్యం కాదా? 1948 చట్టంతో ఏర్పడిన ఎన్.సి.సి. శిబిరాల ఖర్చును కేంద్రమూ రాష్ట్రాలూ కలిసి ఏళ్ళ తరబడి భరిస్తూనే ఉన్నాయి. 2014 మే 25న పదమూడేళ్ళ పదకొండు నెలల వయసున్న మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం ఎక్కింది. ఆమెతోపాటు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. భువనగిరి బండమీద మొదలుపెట్టి డార్జిలింగ్, లడఖ్ దాకా వారి శిక్షణకు అండగా నిలిచింది ప్రభుత్వ విద్యాసంస్థే. నిరుపేద ఇంటి బిడ్డకు ప్రజాధనం తోడైతే ఏమవుతుందో లోకానికి చూపినవారు మనవారే. ఇద్దరిని శిఖరానికి చేర్చిన సంకల్పంలో పదోవంతు చాలు, లక్షలమందిని పక్కఊరి సముద్రానికి చేర్చడానికి.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఇదే సమస్య వస్తే 2016 నవంబరులో ప్రజల ముందు ఓటుకు పెట్టారు. అయిదు లేక ఆరో తరగతిలో ప్రతి పిల్లవాడూ వారంపాటు ఆరుబయట చదువుకొనేందుకు ప్రభుత్వ లాటరీ ఆదాయం నుంచి ఏటా 2 కోట్ల 20 లక్షల డాలర్ల వరకు ప్రత్యేక నిధి కేటాయించాలన్న ప్రతిపాదనను ఓటర్లు ఆమోదించారు. మనకు లాటరీ అక్కరలేదు. వారు చేసిన పనిలో గ్రహించవలసినది ఒకటే. బయటి చదువుకు వారు వేరే ఖాతా తెరిచారు. ఇతర ఖర్చులలో మిగిలితే చూద్దామని వదిలిపెట్టలేదు.

మనం చేయవలసిందీ అదే. సమగ్ర శిక్షలో పది రోజుల బయటి చదువుకు తలకింత అని వేరే పద్దు ఉండాలి. నగరపాలక సంస్థలు తమ సిటీ బస్సులను రద్దీలేని వేళ బడులకు ఇవ్వవచ్చు. డీజిలు ఖర్చు ఆ పద్దు నుంచి తీర్చవచ్చు. తీరంలోని జాలరులకు ఒక పూట కూలి ఇచ్చి గురువులుగా నిలబెట్టవచ్చు. పది రోజులు ఒక్కసారి కుదరకపోతే రెండు రోజులతో మొదలుపెట్టవచ్చు.

విద్యాశాఖ పద్దుల మీద పార్లమెంటులో చర్చ ఏటా వస్తుంది. ఉభయ తెలుగు రాష్ట్రాల సభ్యులు తమ నియోజకవర్గాల రైళ్ళ గురించి, వంతెనల గురించి అడిగే ప్రశ్నల నడుమ ఈ ఒక్క ప్రశ్న కూడా వేయాలని నా విన్నపం: సంచి లేని ఆ పది రోజులకు, పిల్లకు ఎన్ని రూపాయలు కేటాయించారు? మంత్రి చెప్పే అంకె ఎంతైనా కానివ్వండి, అది సభా కార్యక్రమాల పుస్తకంలో అచ్చవుతుంది. వచ్చే ఏడు దానిని పెంచమని అడగడానికి మనకొక ఆధారం దొరుకుతుంది.